ఇరవైయొకటి ఆట – ఇల్లాలు ఎరుగవలసిన లెక్క

కోనసీమలో సంక్రాంతి మూడు దినములు ఎట్లు గడచునో సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు. అమలాపురము మొదలు రాజోలు, కొత్తపేటల వరకు కొబ్బరితోటలలో కోడిపందెముల బరులు వెలయును. వాని చెంతనే గుండాట బల్లలు, పేకాట శిబిరములు చేరును. ఇంట అరిసెలు వండుచున్న తల్లికి, దింపుసొమ్ములో ఎంత బరికి చేరినదో కనుమనాటి రాత్రికిగాని తెలియదు. పందెము తప్పని చెప్పువారు పెక్కుమంది కలరు. దాని లెక్క విప్పి చెప్పువారు అరుదు. కావున మేము లెక్కనే చెప్పబూనితిమి. ఇందులకు, ఎక్కువ తెలివితో ఆడదగినదని పేరొందిన ఇరవైయొకటి ఆటను తీసికొందము. దీనినే బ్లాక్‌జాక్ అందురు.

ఆడువానికి రెండు ముక్కలు, పంచువానికి రెండు ముక్కలు. రాజు, రాణి, జాకీలు పదేసి. ఆసు ఒకటిగానైనను పదునొకండుగానైనను చెల్లును. మొత్తము ఇరవైయొకటికి మించక దానికి చేరువైనవారిది గెలుపు. పంచువాని ముక్కలలో ఒకటి మాత్రమే కనబడును. అతడు పదునేడు వచ్చువరకు తీయుచునే యుండవలెను. ఇద్దరికిని న్యాయము సమానమువలె తోచును గదా! కాని ముందు తీయవలసినవాడు ఆడువాడు. అతడు మించెనా, పందెము తక్షణమే పోవును. తరువాత పంచువాడు మించినను అది తిరిగి రాదు. బల్లవాని లాభమంతయు ఈ చిన్న కిటుకులోనే యున్నది.

1956లో అమెరికా సైన్యమునందలి నలుగురు యువకులు లెక్కయంత్రములతో ఈ ఆటకు సరియైన పద్ధతిని గుణించి ప్రకటించిరి. 1962లో ఎడ్వర్డ్ థార్ప్ అను గణితశాస్త్రజ్ఞుని గ్రంథముచే అది లోకమెల్ల వ్యాపించెను. దాని సారమిది: పంచువానికి నాలుగు, ఐదు, ఆరులలో ఒకటి కనబడినచో మనకు పండ్రెండు వచ్చినంతనే ఆగవలెను, ఆరు చూపినవాడు నూటికి సుమారు నలువదిరెండు మారులు తానే మించిపోవును. అతనికి ఏడుగాని అంతకు మించినదిగాని కనబడినచో పదునేడు వచ్చువరకు తీయవలెను. పదునారుపై తీసినచో పదుమూడు తరగతుల ముక్కలలో ఎనిమిది మనలను ముంచును. అయినను, ఆగుటకంటె తీయుటయే కొంత మేలు. ఆసుల జంటను, ఎనిమిదుల జంటను విడదీయవలెను. పదుల జంటను విడదీయరాదు. పంచువానికి ఆసు కనబడినపుడు ‘బీమా’ అని అడుగుదురు. ఆ పేరు చూచి మోసపోరాదు.

ఇంత నేర్పుతో ఆడినను, మంచి నిబంధనలున్నచోట, ఒడ్డిన ప్రతి నూరు రూపాయలకు సరాసరిన అర్ధరూపాయి పోవును. అర్ధరూపాయియే గదా యందురేమో! నూరేసి ఒడ్డుచు గంటకు అరువది చేతులాడినచో ఆరువేల రూపాయలు ఒడ్డినట్లు. నష్టము ఆ ఆరువేలకు లెక్కగాని, చేతిసంచిలోని సొమ్మునకు కాదు. ఇక ఆరు బొమ్మలపై ఒడ్డి మూడు పాచికలు వేయించు ఆటలో, పడిన ప్రతి బొమ్మకు ఒకవంతు ఇచ్చు పద్ధతియైనచో, నూటికి ఇంచుమించు ఎనిమిది రూపాయలు పోవును. అందు నేర్పునకు చోటే లేదు.

పందెపు సొమ్మును సర్దుకొనుటలో గొప్ప ప్రమాదము, ఓడినకొలది రెట్టించుట. ‘ఎప్పుడో ఒకప్పుడు గెలువక పోవుదునా, అంతయు తిరిగి వచ్చును’ అనుమాట ప్రతి బరికడను వినబడును. నూరుతో మొదలిడి వరుసగా ఏడుమారు లోడినచో పోయినది పండ్రెండువేల ఏడువందలు. గెలిచియున్నచో దక్కునది నూరు మాత్రమే. సరిసమానమైన ఆటలోనైనను అట్టి వరుస నూట ఇరువదియెనిమిదింట ఒకసారి తగులును. పోగొట్టుకొన్నను ఇల్లు గడచునంత సొమ్మునే వేరుగా నుంచి, అందులో ఏబదియవ వంతుకు మించక ఒడ్డి, అది తీరగనే లేచువాడు నష్టమునకు హద్దు గీసికొనినవాడు. రాబోవు దింపుపై అప్పు తెచ్చువానికి హద్దే లేదు.

నన్నయ తెనిగించిన అరణ్యపర్వభాగమున నలుని కథ యున్నది. జూదమున నలుడు వారింప వినకుండుట చూచి దమయంతి, సర్వము పోకమునుపే వార్ష్ణేయుని పిలిపించి బిడ్డలను రథమెక్కించి పుట్టినింటికి పంపెను. నలుడు అక్షహృదయమును ఋతుపర్ణునివలన నేర్చినది ఎంతో తరువాత. లెక్క మగనికి ఆలస్యముగా తెలిసినది. ఇల్లాలికి ముందే తోచినది. ఈ కథ చెప్పువారు నలుని గెలుపునే పొగడుదురుగాని ఆ రథమును తలంపరు.

చట్టమును గూర్చి ఒక్కమాట. రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని 1967లో సుప్రీముకోర్టు, సికింద్రాబాదు క్లబ్బు వ్యాజ్యెములో తీర్పు చెప్పెను. ఇరవైయొకటికి ఆ ఆశ్రయము లేదు. గోవా, సిక్కింలలోవలె దీనికి మన రాష్ట్రమున అనుమతి లేదు. చేతి ఫోనులలో సొమ్మొడ్డి ఆడు ఆటలను రాష్ట్రప్రభుత్వము 2020లోను, కేంద్రము 2025లోను నిషేధించినవి.

పిల్లలకు రెట్టించుటలోని గుట్టు తెలుపదలచినవారు నూట ఇరువదియేడు చింతగింజలు గిన్నెలో పోసి ఇండు. బొమ్మా బొరుసూ వేయుచు, ఒక గింజతో మొదలిడి, ఓడినపుడెల్ల రెట్టించి, గెలిచినపుడు మరల ఒకటికి దిగుమనుడు. చాలసేపు గింజలు ఒక్కొక్కటిగా పెరుగుచుండును. అప్పుడు ఆట ఆపనీయకుడు. గిన్నె ఖాళీయగువరకు ఆడనిండు.