చదివినవారి కన్యాశుల్కం, ఆడినవారి కన్యాశుల్కం

2015 జూన్ 23న ‘బ్యాట్‌మాన్: ఆర్ఖమ్ నైట్’ అనే వీడియో గేమ్ విడుదలైంది. 2009లో ‘ఆర్ఖమ్ అసైలమ్’, 2011లో ‘ఆర్ఖమ్ సిటీ’ తయారుచేసిన రాక్‌స్టెడీ సంస్థే దీన్నీ తీర్చిదిద్దింది కనుక జనం చాలా ఆశలు పెట్టుకున్నారు. విమర్శకులు బాగా మెచ్చుకున్నారు. ప్లేస్టేషన్ 4 రూపానికి, సమీక్షల మార్కులను సగటు కట్టే మెటాక్రిటిక్ సైటులో, నూటికి 87 మార్కులు వచ్చాయి. అదే గేమ్‌ని కంప్యూటర్ మీద ఆడదామని కొన్నవాళ్లు మాత్రం మండిపడ్డారు. బొమ్మ ఆగి ఆగి కదిలింది, సెకనుకు ముప్పై ఫ్రేములు దాటకుండా కట్టేశారు, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులున్న యంత్రాలు కూడా తట్టుకోలేకపోయాయి. కొన్న ఆటను వాపసు చేసే వీలును, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అదే నెల మొదట్లో తెచ్చింది కాబట్టి కోపం మాటలతో ఆగలేదు, డబ్బు వెనక్కి అడిగారు. ఆ వారంలోనే ఆట ప్రచురణకర్త వార్నర్ బ్రదర్స్ కంప్యూటర్ రూపం అమ్మకాలు నిలిపేసింది. అక్టోబర్ చివరి దాకా అది మళ్లీ అంగడికెక్కలేదు. పైనుంచి చూస్తే విమర్శకుడికీ ఆడేవాడికీ అభిరుచి కుదరని గొడవలా ఉంటుంది. కానీ విడుదలకు ముందు సమీక్షకుల చేతికి వచ్చిన ప్రతులు ఎక్కువగా ప్లేస్టేషన్‌వి. వాళ్లు చూసినదాన్ని మెచ్చుకున్నారు, వీళ్లు కొన్నదాన్ని తిట్టారు. పెట్టె మీద పేరొక్కటే, లోపల ఉన్నవి రెండు వేర్వేరు వస్తువులు.

విమర్శకులకూ ఆడేవాళ్లకూ మధ్య వచ్చే పేచీల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నా వాదన. ఎవరి తీర్పు సరైనదని అడిగే ముందు, ఎవరి చేతిలో ఏముందని అడగాలి. దీనికి మన దగ్గర ఇంతకంటే గొప్ప ఉదాహరణ ఉంది. అది నూట ముప్పై ఏళ్ల నాటిది, విజయనగరంలో పుట్టింది. గురజాడ అప్పారావు రాసిన ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారి చేతుల మీదుగా మొదటిసారి రంగస్థలమెక్కింది. 1897లో అచ్చయి, ఆనంద గజపతి మహారాజుకు అంకితమైంది. ఆడినప్పుడు జనం ఆదరించిన నాటకం అది. అయినా గురజాడ దాన్ని అలాగే ఉంచలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు పేరుకు అదే నాటకం, నిజానికి దాదాపు కొత్త రచన. అయిదంకాల నాటకం ఏడంకాలైంది. మొదట చిన్నపాత్రగా ఉన్న మధురవాణి కథను నడిపించే మనిషిగా ఎదిగింది. గిరీశం, రామప్పపంతులు, లుబ్ధావధాన్లు, కరటకశాస్త్రి అందరూ ఒళ్లు చేశారు. సంఘ సంస్కరణ కోసం మొదలైన రచన ఒక ఊరి ఊపిరినంతా పీల్చుకున్న పుస్తకమైంది.

చదివేవారికి ఇది పండుగ. తెలుగు సాహిత్య విమర్శ దాదాపు అంతా రెండో కూర్పునే తలకెత్తుకుంది. ఆడేవారి కష్టం వేరు. రెండో కూర్పును అక్షరం వదలకుండా ఆడితే రాత్రంతా పడుతుంది. అన్ని రంగాలకు తెరలు మార్చాలి, అంతమంది నటులను పోగుచెయ్యాలి, వాళ్లకి అంత పాఠం నోటికి రావాలి. మన జిల్లాల్లో సాయంత్రం ఉద్యోగం దిగి రిహార్సల్‌కు వచ్చే ఔత్సాహిక సమాజాలకు అది మోయగలిగిన బరువు కాదు. నాటక పరిషత్తు పోటీల్లోనైతే గడియారం నడుస్తూ ఉంటుంది. అందుకే నాటకం కుదింపులకు లోనైంది. శ్రీకాకుళం జిల్లా లుకలాం నుంచి వచ్చిన జొన్నలగడ్డ సోదరులనే తీసుకోండి. జె.వి. రమణమూర్తి గిరీశంగా, ఆయన అన్న, తరువాత ‘శంకరాభరణం’తో దేశమంతా తెలిసిన జె.వి. సోమయాజులు రామప్పపంతులుగా, ఒక్క పూటలో ముగిసేలా కుదించిన కన్యాశుల్కాన్ని దశాబ్దాల తరబడి ఆడారు. చూసినవారు మురిసిపోయారు. పుస్తకాన్ని గుండెకు హత్తుకున్న పాఠకుడికి మాత్రం కుదించిన ఏ ప్రదర్శనలోనైనా ఏదో ఒకటి పోయినట్టే ఉంటుంది. ఆ రంగం ఏదీ, ఆ మాట ఏదీ అని వెతుక్కుంటాడు.

ఇదంతా నిడివి గొడవే కదా, నటులకు చిన్న నాటకం కావాలి, పండితులకు పెద్దది కావాలి, అంతటితో సరి అని ఎవరైనా అనవచ్చు. నాకు అలా తోచదు. నిడివే అసలు చిక్కయితే నటులకు సిద్ధంగా ఒక మందు ఉంది, మొదటి కూర్పు. అది పొట్టిది, రంగస్థలం మీద ఒకసారి గెలిచి వచ్చింది. చాలాకాలం అది దొరకడమే కష్టమైన మాట నిజం. పరిశోధకుడు బంగోరె పూనుకుని 1969లో ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ అచ్చువేసే దాకా సామాన్య పాఠకుడు దాన్ని కళ్లచూడలేదు. అయితే ఆ తరువాత కూడా సమాజాలు దానివైపు మళ్లలేదు. చేతికందే పొట్టి నాటకాన్ని పక్కనపెట్టి, పొడుగు నాటకాన్నే కష్టపడి కోసుకున్నారు. అంటే రెండో కూర్పు గొప్పదన్న విషయంలో నటులకూ విమర్శకులకూ అసలు తగాదా లేదు. రెండో కూర్పులోని మధురవాణిని ఒకసారి చూశాక మొదటి కూర్పుకు వెనక్కి వెళ్లడం ఎవరివల్లా కాలేదు. వాళ్ల మధ్య ఉన్న తేడా విలువ గురించి కాదు, రూపం గురించి. విమర్శకుడు కుర్చీలో కూర్చుని, కావలసినచోట ఆగి, వెనక్కి తిప్పి చదువుకునే పుస్తకాన్ని తూస్తున్నాడు. నటుడు తెర లేచాక ఆగని కాలాన్ని తూస్తున్నాడు.

ఇంకో సంగతి. ప్రదర్శన పుస్తకం నుంచి తీసేయడమే చేస్తుందని అనుకోవడం తప్పు. కన్యాశుల్కం ఆనాటి విజయనగరం ప్రాంతపు వాడుక మాటలో రాసింది. నేడు చదివేవారికి చాలా మాటలు అర్థ వివరణ ఉంటే తప్ప కొరుకుడు పడవు. అదే మాటను శ్రీకాకుళం, విజయనగరం గాలి పీల్చి పెరిగిన నటుడు సాగదీసి, విరిచి, ఎదుటివాడి ముఖం చూసి విసిరినప్పుడు అర్థం అడగకుండానే అందుతుంది. రామప్పపంతులు గొప్పలు చెప్పుకుంటుంటే మధురవాణి చేసే చిన్న మౌనం అచ్చులో ఎక్కడా లేదు. అది నటి ఇస్తేనే ఉంటుంది. కాబట్టి సోమయాజులు, రమణమూర్తుల కన్యాశుల్కం గురజాడ పుస్తకంలో ఒక ముక్క కాదు. దానికి దానివే అయిన లాభాలూ నష్టాలూ ఉన్న వేరే వస్తువు.

తగాదాలన్నీ ఇంత సాధువుగా తేలవని నాకూ తెలుసు. కొన్నిచోట్ల ఎదురుపక్షం ఆ వస్తువును ముట్టుకోనేలేదు. 2020 జూన్‌లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ వచ్చినప్పుడు విమర్శకులు ఆకాశానికెత్తారు. మెటాక్రిటిక్‌లో జనం మార్కులు మాత్రం విడుదలైన కొన్ని గంటల్లోనే పాతాళానికి పోయాయి. అది పూర్తిచెయ్యడానికి ఇరవై గంటల పైనే పట్టే ఆట. అంటే వేలమంది ఆడకుండానే తీర్పు చెప్పారు. కథ ఎటు పోతుందో ముందే బయటపడటంతో వచ్చిన కోపం అది. ఆ తరువాత కొత్త ఆట విడుదలైన 36 గంటల దాకా జనం మార్కులు వెయ్యకుండా మెటాక్రిటిక్ నిబంధన పెట్టుకుంది. మన సాహిత్యంలోనూ ఇలాంటిదుంది. నాటకం వాడుక భాషలో ఉండటమే నేరమనుకున్న గ్రాంథికవాది దృష్టిలో గిరీశం ఎంత సజీవంగా ఉన్నా లెక్కలోకి రాడు. ఇలాంటి తీర్పులు నా వాదనను కొట్టెయ్యవు, దాన్నే బలపరుస్తాయి. ఎవరి చేతిలో ఏముందని అడిగితే, కొందరి చేతిలో ఏమీ లేదని అక్కడే తేలుతుంది. ఆడి తిట్టినవాడి కోపాన్నీ ఆడకుండా తిట్టినవాడి కోపాన్నీ ఒకే గంపలో వేసి, జనం మాట అని సగటు కట్టడమే అన్యాయం.

మరో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. రచయిత ఎంచుకున్నది 1909 పాఠం, తుది మాట ఆయనదే, దాన్ని కొయ్యడానికి నటుడెవరు అని. రచయిత హక్కును నేను తక్కువ చెయ్యను. అయితే సంఘ సంస్కరణతోపాటు, తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదన్న అపోహను పోగొట్టడానికి కూడా ఈ నాటకం రాశానని ముందుమాటలో చెప్పుకున్నది గురజాడే. రంగస్థలం మీద బతకాలని కోరుకున్న రచనకు రంగస్థలం విధించే షరతులు పరాయివి కావు. పైగా నటుడి కోత గాలివాటం పని కాదు. ఏ సమాజమైనా గిరీశం, వెంకటేశం కలిసిన రంగాలను వదులుకోదు. మధురవాణి ఇంట్లో రామప్పపంతులు పడే పాట్లను వదులుకోదు. వందసార్లు జనం ముందు నిలబడి, ఎక్కడ హాలు కదిలిందో ఎక్కడ కుర్చీలు కిర్రుమన్నాయో విన్నవాళ్ల తీర్పు అది. వ్యాసంగా రాయకపోయినా అది విమర్శే. ఆర్ఖమ్ నైట్ వాపసు ఇచ్చి డబ్బు తెచ్చుకున్నవాడు ఒక్క వాక్యం రాయకుండా చేసిన విమర్శ కూడా ఈ జాతిదే.

కానీ ఈ చేతల విమర్శ మన దగ్గర ఎక్కడా భద్రంగా లేదు. గురజాడ పుస్తకానికి కూర్పు మీద కూర్పు వచ్చింది. 2007లో వెల్చేరు నారాయణరావు చేసిన ఇంగ్లీషు అనువాదమూ ఉంది. సమాజాల ప్రదర్శన ప్రతుల్లో అచ్చుకెక్కినవి మాత్రం చాలా తక్కువ. ఏ పుటలో గీత కొట్టారు, ఏ రెండు రంగాలను కలిపి కుట్టారు, ప్రాంప్టర్ మార్జిన్లలో ఏం రాసుకున్నాడు అన్నవి నటులతోపాటే మాసిపోతున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత నటుల ఇళ్లలో అలాంటి నోటుపుస్తకాలు ఇంకా మిగిలి ఉంటే వాటిని ఇప్పుడే పోగుచేసి, 1897 పాఠం, 1909 పాఠం, ఆడిన పాఠం మూడూ పక్కపక్కన అచ్చువెయ్యాలి. రెండు జిల్లాల్లోనూ విశ్వవిద్యాలయాలున్నాయి, గురజాడ ఇల్లు విజయనగరంలో స్మారకంగా నిలిచి ఉంది. మొదటి కూర్పును కూడా ఒక్కసారి, పుట్టిన ఊళ్లోనే, ఆనంద గజపతి పేరున్న ఆడిటోరియంలో పూర్తిగా ఆడి చూపిస్తే, మధురవాణి చిన్నపాత్రగా ఉన్న కన్యాశుల్కం జనం ముందు ఎలా నడుస్తుందో మన తరానికి మొదటిసారి తెలుస్తుంది.