నర్మదా కపాలం: ఒక ఉపజాతి నామం, దాని ఆధారం

భారతదేశపు ప్రాచీన మానవ శిలాజం అనగానే ‘నర్మదా మానవుడు’ అనే పేరు స్ఫురిస్తుంది. 1982 డిసెంబరు 5న మధ్యప్రదేశ్‌లోని హత్నోరా వద్ద భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన అరుణ్ సొనాకియా దీనిని కనుగొన్నారు. లభించినది కపాలపు పైభాగంలో కుడి సగం మాత్రమే. దవడ లేదు, పళ్లూ లేవు. దానికే ఆయన ‘హోమో ఎరెక్టస్ నర్మదెన్సిస్’ అని ఉపజాతి నామం పెట్టారు. 1991లో కెన్నెత్ కెనెడీ బృందం పునఃపరిశీలించి, మెదడు పరిమాణాన్ని 1155–1421 ఘన సెంటీమీటర్లుగా అంచనా కట్టి, ఇది ప్రాచీన హోమో సేపియన్స్‌ది అని వర్గీకరించింది. అంచనాలో ఇంత అంతరం ఉండటమే ఆధారం ఎంత స్వల్పమో చెబుతోంది. ఉపజాతి అనేది ఒక జనసమూహానికి పెట్టే పేరు. ఒకే కపాలంలో వ్యక్తి లక్షణమేదో, సమూహ లక్షణమేదో విడదీయటం సాధ్యం కాదు. కనుక తరగతిలో ‘నర్మదా కపాలం’ అనటమే సబబని నా అభిప్రాయం.

తెలుగు నేలపై సమస్య దీనికి విలోమం. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, సుమారు 74 వేల ఏళ్లనాటి టోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయని మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు 2007లో ప్రకటించారు. వాటిని చెక్కినవారు ఆధునిక మానవులు కావచ్చునని పనిముట్ల పోలికను బట్టి వాదించారు. అయితే ఒకే చెక్కుడు పద్ధతిని భిన్న మానవ జాతులు వాడిన సందర్భాలున్నాయి. లెవాంత్ గుహల్లో నియాండర్తల్‌లూ, ఆధునిక మానవులూ దాదాపు ఒకే తరహా పనిముట్లు వాడారు. అక్కడ ఎముకలు దొరికాయి కాబట్టి ఆ సంగతి తెలిసింది. జ్వాలాపురపు బూడిద కింద పనిముట్లే ఉన్నాయి.