నొప్పుల సూది – లోపల ఉన్న బిడ్డ సంగతి



“సిస్టరుగారూ, రాత్రనగా వచ్చాం. ఒక సూది వేసేయండి, త్వరగా అయిపోతుంది.” లేబర్ రూము తలుపు దగ్గర ఈ మాట వినని రోజు నా సర్వీసులో చాలా తక్కువ. కూతురు పడే బాధ చూడలేక తల్లి అడుగుతుంది, కోడలి బాధ చూడలేక అత్తగారు అడుగుతుంది. అడిగినందుకు నేను తప్పు పట్టను. కాని ఆ సూది ప్రభావం లోపల ఉన్న బిడ్డ మీద కూడా పడుతుందని చాలామందికి తెలియదు.

ఏమిటీ మందు?

దీని పేరు ఆక్సిటోసిన్. తల్లి మెదడు అడుగున ఉన్న చిన్న గ్రంథి నుండి సహజంగానే విడుదలయ్యే హార్మోను ఇది. కాన్పు సమయంలో గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది, తర్వాత పాలు చేపేలా చేస్తుంది. 1953లో విన్సెంట్ డు విన్యో అనే అమెరికా శాస్త్రవేత్త దీనిని ప్రయోగశాలలో తయారు చేశారు. 1955లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

పాడి ఉన్నవారికి ఈ మందు తెలిసే ఉంటుంది. గేదె చేపకపోతే కొందరు పొడిచే సూది ఇదే. ఇలాంటి దుర్వినియోగం ఆపాలని 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలు దీనిని దేశంలో అమ్మకానికి తయారు చేయరాదని ఉత్తర్వు ఇచ్చింది. తల్లులకు మందు అందకపోతే ఏమవుతుందో సరిగా ఆలోచించలేదని అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అంటే ఈ మందు అవసరమైనదే. ఎవరు, ఎప్పుడు, ఎలా ఇస్తున్నారన్నదే ముఖ్యం.

బిడ్డకు ఏమవుతుంది?

నొప్పి వచ్చినప్పుడు గర్భసంచి పిడికిలిలా బిగుసుకుంటుంది. అంతసేపు మాయకు వెళ్ళే రక్తం తగ్గుతుంది. నొప్పి వదలగానే రక్తం మళ్ళీ పారుతుంది, బిడ్డకు ప్రాణవాయువు అందుతుంది. గోదావరిలో మునకలు వేసేవాడిని తలచుకోండి. మునకకూ మునకకూ మధ్య తల పైకెత్తి ఊపిరి తీసుకుంటాడు. ఆ వ్యవధి ఇవ్వకుండా ముంచుతూ ఉంటే ఏమవుతాడు? బిడ్డ పరిస్థితీ అంతే.

పది నిమిషాలకు మూడు, నాలుగు నొప్పులు వస్తే బిడ్డ తట్టుకుంటుంది. మందు ఎక్కువై అయిదుకు మించి వస్తే తేరుకునే సమయం చాలదు. నిమిషానికి 110 నుండి 160 సార్లు కొట్టుకోవలసిన బిడ్డ గుండె నెమ్మదిస్తుంది. బిడ్డ లోపలే మలవిసర్జన చేసి ఉమ్మనీరు పచ్చబడవచ్చు. పుట్టగానే ఏడవకపోవచ్చు. తర్వాత ఫిట్స్ రావచ్చు. కొందరికి మెదడు దెబ్బతిని జీవితాంతం ఉండే లోపం మిగులుతుంది. తల్లికి కూడా గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది. ముందు సిజేరియన్ అయినవారికి ఇది మరీ ఎక్కువ.

ఆసుపత్రిలో ఈ మందును సెలైన్‌లో కలిపి, తక్కువ చుక్కలతో మొదలుపెట్టి, నొప్పులు లెక్కపెడుతూ, బిడ్డ గుండె చప్పుడు వింటూ పెంచుతాం. తేడా కనిపిస్తే సెలైన్ ఆపుతాం, కొద్ది నిమిషాల్లోనే మందు ప్రభావం తగ్గుతుంది. కండకు వేసిన సూదిని వెనక్కి తీయలేము. అందుకే బిడ్డ పుట్టకముందు దీనిని కండకు వేయకూడదు. నొప్పుల కోసం ఇచ్చే మిసోప్రోస్టాల్ మాత్ర కూడా అంతే. నొప్పులకు వాడే మోతాదు 25 మైక్రోగ్రాములు, దుకాణంలో దొరికే మాత్ర తరచు 200. చేత్తో విరిచి ఇచ్చేది కాదు.

నేను మరచిపోలేని బిడ్డ

కొన్నేళ్ళ క్రితం ఒక లంక గ్రామం నుండి తొలిచూలు అమ్మాయిని పడవ దాటించి ఆటోలో తెచ్చారు. ఇంటి దగ్గర ఎవరో రెండు సూదులు వేశారు. నొప్పికీ నొప్పికీ సందు లేదు. బిడ్డ గుండె 80 కొట్టుకుంటోంది. ఉమ్మనీరు చిక్కగా పచ్చగా ఉంది. బిడ్డ పుట్టింది గాని ఏడవలేదు. బ్యాగుతో ఊపిరి పోశాం, బ్రతికింది. రెండేళ్ళకు కూడా మెడ నిలబడలేదు. వ్యాయామానికి తీసుకొచ్చినప్పుడల్లా అమ్మమ్మ ఒకటే అనేది: “సూది వేయించింది నేనే కదండీ సిస్టరుగారూ.” ఆమెకు ముందుగా చెప్పినవారు ఎవరూ లేరు. ఈ వ్యాసం రాయడానికి ఆమే కారణం.

మందు ఎప్పుడు అవసరం?

ఉమ్మనీరు పోయినా నొప్పులు రాకపోతే, రోజులు బాగా దాటితే, బి.పి. పెరిగితే, నొప్పులు మందగించి కాన్పు ఆగిపోతే డాక్టరుగారు చూసి నిర్ణయిస్తారు. ఆలస్యమల్లా ప్రమాదం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల ప్రకారం, గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న తర్వాత కూడా పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పులో 12 గంటల వరకు పట్టవచ్చు.

బిడ్డ పుట్టిన వెంటనే తల్లికి వేసే 10 యూనిట్ల సూది వేరు. అది రక్తస్రావాన్ని నివారిస్తుంది. అప్పటికి బిడ్డ బయటికి వచ్చేసింది కనుక భయం లేదు. దానిని వద్దనకండి.

కుటుంబాలకు నా మనవి

1. ఇంటి దగ్గర నొప్పుల సూది గాని, మాత్ర గాని ఎవరిచేతా ఇప్పించవద్దు.
2. ఇప్పటికే వేయించి ఉంటే దాచకండి. ఎన్ని, ఎన్ని గంటలకు అన్నది చెప్పండి, ఖాళీ సీసా తీసుకురండి. మేము కోప్పడము.
3. ముందు సిజేరియన్ అయి ఉంటే రాగానే చెప్పండి.
4. సెలైన్ చక్రాన్ని మీరు తిప్పవద్దు. నొప్పులు సందు లేకుండా వస్తుంటే వెంటనే నర్సును పిలవండి.
5. “బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉంది?” అని అడగండి. అది మీ హక్కు.
6. లంకలవారు నొప్పులు వచ్చేవరకు ఆగకండి. 2022 జూలై వరదలు గుర్తున్నాయి కదా. రోజులు దగ్గరపడితే ఇవతలి ఒడ్డున బంధువుల ఇంటికి వచ్చి ఉండండి. అవసరమైతే 108కి ఫోను చేయండి.

ఈసారి లేబర్ రూము తలుపు దగ్గర నిలబడినప్పుడు సూది అడగకండి. లోపలికి వెళ్ళి ఆ అమ్మాయి నడుము రాయండి, కాసిని మంచినీళ్ళు ఇవ్వండి, అటూ ఇటూ నడిపించండి. బిడ్డ గుండె చప్పుడు మేము వింటూ ఉంటాము.