నలుగురుంటేనే సంఘం

డ్వాక్రా మహిళలది సంఘం. కార్మికులది సంఘం. ఆదివారం చర్చిలో పాస్టరు ఎదుట కూర్చున్నదీ సంఘమే. ఇన్ని గడపలు తొక్కిన ఈ మాట మొదట మతానిది కాదు, రాజకీయాలది.

రాజు లేని సభ

‘సమ్’ ఉపసర్గకు ‘హన్’ ధాతువు చేరితే సంఘం. సంహతి, సంఘాతం దీని తోబుట్టువులు. గట్టిగా కూడుకున్నదని భావం. పాణిని దీన్ని గణమనే అర్థంలో చెప్పాడు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో 11వ అధికరణాన్ని సంఘాలకే కేటాయించి లిచ్ఛవులు, వృజులు, మల్లుల పేర్లు రాశాడు. అక్కడ ఒక్క రాజు మాట చెల్లదు, పెద్దలు సభ తీరి తేల్చుకోవాలి.

బుద్ధుడు పుట్టిన శాక్యులదీ అలాంటి గణమే. వజ్జుల (వృజుల) మీదికి దండెత్తాలని మగధ రాజు అజాతశత్రువు తన మంత్రిని బుద్ధుడి దగ్గరికి సలహాకు పంపాడు. తరచూ కలిసి కూర్చుని, ఐకమత్యంతో లేచినంతకాలం వజ్జులకు చేటు లేదన్నాడు బుద్ధుడు. ఆ తర్వాత భిక్షువులను పిలిపించి, మీకూ ఇదే నియమమన్నాడు. మహాపరినిర్వాణ సూత్రంలోని కథ ఇది.

పుల్లలతో ఓటు

బౌద్ధ సంఘ నియమాల గ్రంథమైన వినయపిటకం ప్రకారం నలుగురు భిక్షువులు లేనిదే సంఘకార్యం చెల్లదు. కొత్తవారికి ఉపసంపద (పూర్తి దీక్ష) ఇవ్వాలంటే మధ్యదేశంలో పదిమంది, సరిహద్దు సీమల్లో ఐదుగురు ఉండాలి. ప్రతిపాదన సభ ముందుకు వచ్చాక ఒప్పుకోనివారు మాట్లాడాలి, మౌనం సమ్మతే. పేచీ తెగకపోతే శలాకలనే పుల్లలు పంచి లెక్కపెట్టేవారు. పార్లమెంటరీ పద్ధతులు భిక్షు సంఘాలకు తెలుసని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గుర్తుచేశారు.

అలాగని అందరూ సమానులేమీ కారు. నూరేళ్ల అనుభవమున్న భిక్షుణి అయినా ఆ రోజే చేరిన భిక్షువుకు మొక్కాలన్నదీ ఆ వినయమే.

కృష్ణాతీరం నుంచి బైబిలు దాకా

అలాంటి సంఘాలకు మన నేలపై నీడనిచ్చినవారిలో స్త్రీలే ముందున్నారు. 3వ శతాబ్దిలో నాగార్జునకొండ దగ్గర ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిసిరి అపరమహావినశైలీయులకు, రాణి భట్టిదేవ బహుశ్రుతీయులకు, అంటే రెండు బౌద్ధ శాఖలకు, దానాలు చేశారు. ఇక జైనులు సాధువులు, సాధ్వులతోపాటు శ్రావకులను, శ్రావికలను (గృహస్థ స్త్రీపురుషులను) కలిపి చతుర్విధ సంఘమన్నారు. దాంతో సంసారులకూ అందులో చోటు దొరికింది.

తెలుగు బైబిలు ‘ఎక్లేసియా’కు ఈ మాటే వాడింది. ఎక్లేసియా కూడా మొదట గ్రీకు నగరాల పౌరసభే! సభలోంచి మతంలోకి వచ్చిన రెండు మాటలు అలా తెలుగులో ఒక్కటయ్యాయి. 1947లో ఏర్పడిన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) మనకు దక్షిణ ఇండియా సంఘం అయింది.

మతమేదైనా, పొదుపు గ్రూపైనా కొలత ఒక్కటే. లెక్కల పుస్తకం ఒకరి బీరువాలో, నిర్ణయం ఒకరి నోట్లో ఉంటే అది సంఘం కాదు, గుంపు. మీ సంఘం చివరిసారి ఎప్పుడు కూర్చుంది? అందులో ఎంతమంది నోరు విప్పారు? ఈ వారమే అడగండి.