కాటా దాకా ఆగొద్దు... నాట్లప్పుడే పేరు చూసుకోండి

మనుబోలు ప్రాంతంలో కోతలు మొదలైతే కళ్లం దగ్గర వినిపించే మాట ఒకటే: 'పుట్టి ఎంత?' ఇదివరకు ఆ ధర చెప్పేది దళారీ. కాటా ఆయనదే, తరుగు లెక్కా ఆయనదే. ఇప్పుడు ప్రభుత్వం కొనే ధాన్యం దారి మారింది. కయ్యలో నాటు పడింది మొదలు మిల్లులో బస్తా దిగే దాకా ప్రతి అడుగూ కంప్యూటర్లోకి ఎక్కుతోంది. అందులో మీ పేరు లేకపోతే వడ్లు ఎంత బాగా పండినా మద్దతు ధరకు అమ్ముకోవడం కష్టం.

ఈ-పంట తొలి మెట్టు

నాట్లయ్యాక గ్రామ వ్యవసాయ సహాయకులు సర్వే నంబరు, విస్తీర్ణం, వరి రకం ఫోన్లో నమోదు చేస్తారు. పొలంలోనే ఫొటో తీస్తారు. అది ఎక్కడ తీసిందో ఫోనే గుర్తిస్తుంది. ఆ తర్వాత రైతు వేలిముద్ర వేయాలి. దీన్నే ఈ-కేవైసీ అంటున్నారు. ఫొటో తీశారు కదా అని చాలామంది ఇక్కడే ఊరుకుంటారు. వేలిముద్ర పడితేనే నమోదు పూర్తయినట్లు.

రైతు సేవా కేంద్రంలో జాబితా పెట్టినప్పుడు తప్పక వెళ్లి చూడండి. (2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలైనవి ఇవే. 2024లో పేరు మారింది.) విస్తీర్ణం తగ్గినా, రకం తప్పు పడినా అప్పుడే చెప్పి సరిచేయించుకోవాలి. కోత మిషన్ కయ్యలో దిగాక పరిగెత్తితే లాభం లేదు.

కౌలు రైతులు జాగ్రత్త

నమోదు ఎవరి పేరున ఉంటే సొమ్ము వారి ఖాతాకే పోతుంది. పండించింది మీరైనా పేరు భూమి యజమానిది ఉంటే, డబ్బు కోసం ఆయన చుట్టూ తిరగాల్సిందే. అందుకే సాగు మొదట్లోనే పంట సాగుదారు హక్కు పత్రం తీసుకోండి. 2019 చట్టం ప్రకారం ఇది 11 నెలలు చెల్లుతుంది. యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని కొందరు జంకుతారు. ఈ పత్రం పంట మీదే తప్ప భూమి మీద హక్కు ఇవ్వదు. ఈ మాట యజమానికి నచ్చజెప్పండి.

పుట్టిని క్వింటాళ్లలోకి మార్చండి

మన నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్లు. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకం 2,369 రూపాయలు, ఏ గ్రేడు 2,389 రూపాయలు. ఆ లెక్కన పుట్టి సాధారణ రకం 20,136 రూపాయలు, ఏ గ్రేడు 20,306 రూపాయలు. బయట ఎవరైనా పుట్టికి 20 కిలోలు అదనంగా తూస్తే మీకు సుమారు 474 రూపాయలు పోయినట్లే. బేరానికి ముందే ఈ లెక్క వేసుకోండి. బయట ఇంతకన్నా మంచి ధర పలికితే అక్కడే అమ్ముకోవచ్చు.

తేమ 17 శాతం మించకూడదు. కోసిన వడ్లను ఎండబెట్టి, కేంద్రంలో మీ కళ్ల ముందే తేమ చూపించమని అడగండి.

చీటీ లేనిదే కదలొద్దు

కాటా అయ్యాక ఎఫ్‌టీఓ అనే చీటీ ఇస్తారు. బస్తాల సంఖ్య, బరువు, రావలసిన సొమ్ము అందులో ఉంటాయి. చదువు రాకపోతే ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి. ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా వాడుకలో ఉందో లేదో ముందే కనుక్కోండి. ఖాతా పేరు చెప్పి ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పొద్దు.

కంప్యూటర్ తనంతట తాను న్యాయం చేయదు. ఎక్కించిందే చూపిస్తుంది. మన వడ్లు మన పేరున ఎక్కాయో లేదో చూసుకోవడం మాత్రం మన పనే.