మొదటి బంతా, రెండో బంతా? ఓడలో రాత్రి భోజనం లెక్కలు

క్వీన్ మేరీ 2 ఓడలో సుమారు 2,700 మంది ప్రయాణికులు పడతారు. దాని ప్రధాన భోజనశాల బ్రిటానియా రెస్టారెంట్‌లో కుర్చీలు దాదాపు 1,350. ఖరీదైన గ్రిల్స్ క్యాబిన్లవాళ్లకు వేరే గదులున్నాయి కాబట్టి వాళ్లను తీసేసినా, మిగిలినవాళ్లందరినీ ఒకేసారి కూర్చోబెట్టడం కుదరదు. అందరికీ సరిపడా గది కట్టాలంటే ఇంకో వందలాది కుర్చీలకు చోటు కావాలి. ఆ చోటులో క్యాబిన్లు కడితే టికెట్లు అమ్ముడవుతాయి. ఆ అదనపు కుర్చీలు రోజులో రెండు గంటలు తప్ప పైసా సంపాదించవు. అందుకే మన పెళ్లి భోజనాల్లో బంతులు వేసినట్టు ఓడలోనూ రెండు బంతులు వేస్తారు. మొదటిది సాయంత్రం 6 గంటలకు, రెండోది రాత్రి 8:30కి. చాలా కంపెనీల్లో ఈ వేళలు అరగంట అటూ ఇటూగా ఇంతే: ఎర్లీ సీటింగ్ 5:30, 6 మధ్య, లేట్ సీటింగ్ 8, 8:30 మధ్య.

యాత్ర అంతటికీ ఏ బంతి కావాలన్న ప్రశ్న బుకింగ్ ఫారంలో ఎక్కడో చివర్లో వస్తుంది. ఎర్లీకైనా లేట్‌కైనా టికెట్ ధర ఒకటే కాబట్టి చాలామంది అర నిమిషంలో ఏదో ఒకటి టిక్ చేసి ముందుకెళ్లిపోతారు. నాలుగు రాత్రుల ప్రయాణమైతే ఫరవాలేదు. కానీ వంద రాత్రుల ప్రపంచయాత్ర సంగతి వేరు. సూప్ నుంచి కాఫీ దాకా ఒక భోజనానికి గంటా ముప్పావు వేసుకుంటే వంద రాత్రులకు 175 గంటలు. అంటే ఏడు రోజులకు పైగా, రాత్రీ పగలూ కలిపి, ఆ బల్ల దగ్గరే గడుస్తాయి. రాయల్ కరీబియన్ కంపెనీ 2023 డిసెంబరులో మయామి నుంచి మొదలుపెట్టిన 274 రాత్రుల యాత్రకైతే ఇదే లెక్కన దాదాపు 20 రోజులు. క్యాబిన్ ఏ డెక్కులో ఉండాలి, బాల్కనీ కావాలా వద్దా అని వారాల తరబడి ఆలోచించేవాళ్లు దీనికి కనీసం ఒక సాయంత్రమైనా కేటాయించాలి.

ముందుగా గదిలో జరిగేది చూద్దాం. రెండు బంతుల మధ్య వ్యవధి 150 నిమిషాలు. భోజనానికి 105 పోతే మిగిలేవి 45. అంతలో వెయ్యికి పైగా చోట్ల ప్లేట్లు తీయాలి, గుడ్డలు మార్చాలి, గ్లాసులు, చెంచాలు మళ్లీ పేర్చాలి. కాబట్టి మొదటి బంతిలో కూర్చున్నవాళ్లు 7:45 దాటాక రెండో కాఫీ అడిగితే వెయిటర్ నవ్వుతూనే తెస్తాడు గానీ, ఆ నవ్వులో కాస్త తొందర ఉంటుంది. పెళ్లిలో కుర్చీ వెనక ఎవరో చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నప్పుడు పెరుగన్నం ఎలా తింటామో తెలిసినవాళ్లకు వేరే వివరించక్కర్లేదు. రెండో బంతి వెనక ఎవరూ ఉండరు. కబుర్లు ఎంతసేపైనా సాగుతాయి.

మన ఇళ్లలో రాత్రి భోజనం ఎనిమిదిన్నరకో తొమ్మిదికో. అందుకే ఇండియా నుంచి వెళ్లేవాళ్లు సాధారణంగా ఆలోచించకుండానే రెండో బంతి వైపు మొగ్గుతారు. అమెరికాలో ఇరవయ్యేళ్లుగా ఉంటున్నవాళ్లు, ఆఫీసు నుంచి రాగానే ఏడింటికి తినడం అలవాటై, మొదటిదే మేలంటారు. ఇద్దరూ ఇంటి గడియారాన్ని ఓడలోకి మోసుకెళుతున్నారు. ఓడ గడియారం వేరేలా నడుస్తుంది. మధ్యాహ్న భోజనం 12:30కి చేస్తే 3:30కి టీ వేళ. క్వీన్ మేరీ 2ను నడిపే కునార్డ్ కంపెనీ ఓడల్లో టీ అంటే కప్పులో పోసి ఇచ్చేది కాదు. శాండ్‌విచ్‌లు, స్కోన్లు, మీగడ, కేకులు అన్నీ వస్తాయి. అది ముగిసేసరికి నాలుగున్నర. ఆ తర్వాత గంటన్నరకే మొదటి బంతి. టీ మానలేనివాళ్లకు మొదటి బంతి పనికిరాదు. టీ జోలికి పోనివాళ్లకు రెండో బంతి అంటే మధ్యాహ్నం నుంచి ఎనిమిది గంటల ఎడం, అది మరీ ఎక్కువ.

ఇక అసలు లెక్క గడియారం ముళ్లది. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు క్వీన్ మేరీ 2 ప్రయాణం మామూలుగా ఏడు రాత్రులు. రెండు ఊళ్ల మధ్య తేడా ఐదు గంటలు. పడమరకు పోతున్నప్పుడు ఐదు రాత్రులు గడియారాన్ని గంట చొప్పున వెనక్కి తిప్పుతారు. అలాంటి రోజుకు 25 గంటలు. శరీరం ఇంకా నిన్నటి వేళలోనే ఉంటుంది కాబట్టి ఓడలో 6 గంటలైనప్పుడు ఒంటికి 7. ఓడలో 8:30 అంటే ఒంటికి 9:30. పొద్దున తెల్లవారకముందే మెలకువ వస్తుంది, మధ్యాహ్నం త్వరగా ఆకలేస్తుంది, రాత్రి రెండో బంతిలో స్వీటు వచ్చేసరికి రెప్పలు వాలిపోతుంటాయి. పడమటి దారిలో మొదటి బంతిలో కూర్చున్నవాళ్లు ఏడింటికి ఇంట్లో తిన్నంత సుఖంగా తింటారు.

తూర్పుకు తిరిగొచ్చేటప్పుడు ఇదంతా తలకిందులు. కునార్డ్ ఈ దిశలో గడియారాన్ని రాత్రి కాకుండా మధ్యాహ్నం ముందుకు జరిపే పద్ధతి పాటిస్తూ వచ్చింది. మధ్యాహ్నం 12 కొట్టగానే ఒంటిగంట అవుతుంది. ఉదయం 8:30కి టిఫిన్ చేసినవాళ్లకు సాయంత్రం 6 దాకా గడియారంలో తొమ్మిదిన్నర గంటలు కనిపిస్తాయి గానీ నిజంగా గడిచేవి ఎనిమిదిన్నరే. అంతలోనే ఒక భోజనం, ఒక టీ. ఆరింటికి బల్ల దగ్గర కూర్చుంటే ఆకలి ఎక్కడిది? 8:30 బంతి ఒంటికి 7:30లా ఉంటుంది, హాయిగా సరిపోతుంది. పైగా మార్పు పగలే జరిగింది కాబట్టి రాత్రి నిద్రకు కోత లేదు. రాత్రి రెండింటికి గడియారాన్ని ముందుకు తిప్పే ఓడలైతే ఆలస్యంగా తిన్నవాళ్లే నష్టపోతారు. పదకొండున్నరకు పడుకుని ఏడున్నరకు లేస్తే ఎనిమిది గంటలనుకుంటాం, దక్కేది ఏడే.

కాబట్టి అట్లాంటిక్ దాటే ప్రయాణానికి నా సలహా సూటిగా చెప్పేస్తాను: పడమరకైతే మొదటి బంతి, తూర్పుకైతే రెండోది.

ఈ సూత్రాన్నే ప్రపంచయాత్రకు అంటిస్తే మాత్రం తప్పు. భూమిని చుట్టి వచ్చేసరికి గడియారం మొత్తం 24 గంటలు తిరుగుతుంది. అంటే గంట చొప్పున లెక్కేస్తే వంద రోజుల్లో 24 రోజులే ఈ బెడద. ఏడు రాత్రుల అట్లాంటిక్ ప్రయాణంలో ఐదు రాత్రులను శాసించిన విషయం ఇక్కడ నాలుగో వంతుకు పడిపోయింది. (పడమటి యాత్రలో అంతర్జాతీయ దినరేఖ దాటినప్పుడు ఒక తేదీ పూర్తిగా మాయమవుతుంది. ఆ తేదీన పెళ్లిరోజు పడితే ఏ బంతిలోనూ విందు ఉండదు; ముందే చూసుకోండి.)

ప్రపంచయాత్రలో పెత్తనం రేవులది. వంద రాత్రుల్లో 35 రేవులనుకుందాం. ఓడ సాయంత్రం 5కో 6కో బయల్దేరుతుంది, ప్రయాణికులు దానికి అరగంట, గంట ముందే ఎక్కేయాలి. ఎండలో ఎనిమిది గంటలు తిరిగి 5 గంటలకు క్యాబిన్‌లోకి అడుగుపెట్టినవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకుని, ఆరింటికి భోజనశాలలో ఉండాలంటే పరుగే. పైగా కునార్డ్ లాంటి ఓడల్లో సాయంత్రం ఆరు దాటితే షార్ట్స్‌లో భోజనశాలకు రానివ్వరు. గాలా రాత్రులైతే సూటో, లేదంటే మన సంప్రదాయ దుస్తులో ఉండాలి. పట్టుచీర కుచ్చిళ్లు పది నిమిషాల్లో కుదురుతాయా? ఆ హడావుడి 35 సార్లు. ఇంకోటి: ఓడ రేవు వదిలే దృశ్యం పై డెక్కు మీంచి చూడాల్సింది. 6 గంటలకు లంగరెత్తే ఓడలో మొదటి బంతివాళ్లు ఆ సమయానికి సూప్ తాగుతుంటారు.

సూర్యాస్తమయం కూడా ఇలాంటిదే గానీ ఊరిని బట్టి మారుతుంది. డిసెంబరు చివర్లో మయామిలో సూర్యుడు 5:35 ప్రాంతంలో అస్తమిస్తాడు. 5:30 బంతిలో ఉన్నవాళ్లకు ఆ రంగులు కిటికీలోంచి కనిపిస్తే కనిపిస్తాయి. అలాస్కాలో జూన్ మూడో వారంలో జూనో దగ్గర రాత్రి 10 దాటాకే పొద్దుగుంకుతుంది. సియాటిల్ నుంచి అమ్మానాన్నలను తీసుకుని వారం రోజుల అలాస్కా యాత్రకు వెళ్లే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్లకు వెలుతురు విషయంలో రెండు బంతులూ ఒకటే. అయితే జూనోలో ఓడ రాత్రి 9, 10 దాకా ఆగే రోజులుంటాయి. ఆ రోజు మొదటి బంతి వదులుకుని బఫేకు వెళ్లాల్సిందే.

నాటకాలు, సంగీతం గురించి బెంగ అక్కర్లేదు. ఒకే ప్రదర్శనను రెండుసార్లు వేస్తారు, ఒకరు తింటుంటే ఇంకొకరు చూసేలా. రెండోది పదిన్నరకు పడే ఓడల్లో కునుకు తీస్తూ చూడాల్సి రావచ్చు, అంతే.

ఆరోగ్యం దగ్గర మాత్రం ఆగాలి. గుండెల్లో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లు తిన్నాక రెండు మూడు గంటల దాకా పడుకోవద్దని వైద్యులు చెబుతారు. 6 గంటల బంతి 7:45కి ముగుస్తుంది, మూడు గంటలు కలిపితే 10:45. మామూలుగా పడుకునే వేళే. 8:30 బంతి 10:15కి ముగుస్తుంది, మూడు గంటలు కలిపితే అర్ధరాత్రి దాటి 1:15. వంద రాత్రులు ఒంటిగంట దాకా మేలుకునే ఓపిక డెబ్బయ్యేళ్లవాళ్లకు ఉండదు. ఇన్సులిన్, మధుమేహం మందులు వేళకు పడాల్సినవాళ్లు గడియారం మార్పుల పట్టికను ముందే తెప్పించుకుని డాక్టరుకు చూపించాలి. వీళ్లకు రేవుల లెక్క, సూర్యాస్తమయం లెక్క వర్తించవు. మొదటి బంతే.

చిన్నపిల్లలున్న ఇళ్లకూ అదే సలహా, ఒక్క మినహాయింపుతో. డిస్నీ ఓడల్లో రెండో బంతి 8:15 ప్రాంతంలో మొదలవుతుంది. అక్కడ పిల్లలకు ముందుగా వడ్డించి, తినగానే సిబ్బందే వచ్చి ఆటల గదికి తీసుకెళ్లే ఏర్పాటు ఉంది. పెద్దవాళ్లు నింపాదిగా తినొచ్చు.

ఇన్ని తంటాలెందుకు, ఆకలేసినప్పుడు వెళ్లి తింటే పోలేదా అనేవాళ్ల కోసం మూడో దారి ఉంది. నార్వీజియన్ క్రూయిజ్ లైన్ 2000లో ఫ్రీస్టైల్ పేరుతో వేళ, బల్ల రెండింటినీ ప్రయాణికుల ఇష్టానికి వదిలేసింది. తర్వాత మిగతా పెద్ద కంపెనీల్లో చాలావరకు అదే దారి పట్టి, తలో పేరూ పెట్టుకున్నాయి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఏడు, ఏడున్నర మధ్య అందరికీ ఒకేసారి ఆకలేస్తుంది, తలుపు దగ్గర వరస పెరుగుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, రోజుకో వెయిటర్.

మన శాకాహారులకు ఇది చిన్న విషయం కాదు. చాలా ఓడల వంటశాలల్లో భారతీయ వంటవాళ్లు ఉంటారు. హెడ్ వెయిటర్‌కు ముందురోజు రాత్రి చెబితే మర్నాటికి మెనూలో లేని పప్పు, కూర, అన్నం, చపాతీ వండి పెడతారు. నిర్ణీత బంతిలో కూర్చుంటే అదే బల్ల, అదే మనిషి. మూడో రోజుకల్లా గుడ్డు కూడా వద్దని మళ్లీ చెప్పక్కర్లేదు. పచ్చిమిరపకాయలు అడగకుండానే వస్తాయి. రోజుకో బల్ల అయితే ఈ కథ రోజూ మొదటి నుంచి చెప్పాలి. వంద రాత్రుల యాత్రలో వేళ స్వేచ్ఛ కంటే మన నోరు తెలిసిన వెయిటర్ విలువే ఎక్కువని నా అభిప్రాయం.

తోటివాళ్ల సంగతి కూడా చూసుకోవాలి. ఎనిమిది మంది బల్ల అడిగితే జంటకు ఆరుగురు కొత్తవాళ్లు; ఒకరిద్దరితో పొసగకపోయినా కబుర్లు ఆగవు. నలుగురి బల్లలో ఎదుటి జంట నోరు విప్పనివాళ్లయితే, లేదా మూయనివాళ్లయితే, ప్రతి రాత్రీ శిక్షే. ఇద్దరి బల్లలు తక్కువ, గిరాకీ ఎక్కువ. నన్నడిగితే సుదీర్ఘ యాత్రకు ఆరుగురో ఎనిమిది మందో ఉన్న బల్లే మంచిది.

మొత్తం మీద ఆరోగ్యం అడ్డురాని పెద్దవాళ్లు రేవులు ఎక్కువున్న దూరప్రయాణానికి రెండో బంతి తీసుకోవాలి. అడ్డొచ్చేవాళ్లు మొదటిది తీసుకుని, రేవు రోజుల్లో మొహమాటపడకుండా బఫేకు వెళ్లాలి. ఒక పూట రాకపోతే వెయిటర్ ఏమీ అనుకోడు, ముందు రాత్రి ఒక మాట చెబితే చాలు. అడిగిన బంతి దొరక్కపోతే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి. అప్పటికీ కాకపోతే ఓడ ఎక్కిన మధ్యాహ్నమే, పెట్టెలు విప్పకముందే, భోజనశాల దగ్గర మేనేజర్‌ను కలవండి. మార్పులు ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే జరుగుతాయి.