వాడిన డైవ్ కంప్యూటర్ కొనుగోలు

డైవ్ కంప్యూటర్ అనగా సముద్రములో మునుగువారు ముంజేతికి గడియారము వలె కట్టుకొను పరికరము. ఇది లోతును, కాలమును కొలచి, దేహములో కరిగిన నత్రజనిని అంచనా కట్టి, ఎంతసేపు ఉండవచ్చునో, ఎంత నెమ్మదిగా పైకి రావలెనో తెలుపును. ఈ లెక్కలకు మూలము హాల్డేన్, ఆయన సహచరులు 1908లో ప్రచురించిన పట్టికలు.

హైదరాబాదు పాతబస్తీ వాసులకు సముద్రము దూరము. విశాఖపట్నమో, అండమానో పోవలెను. కనుక కొత్తది ఎందుకని పాతదానిని ఇంటర్నెట్టులో వెదకుట సహజమే. అయితే పురానాపూల్ సమీపములోని జుమ్మేరాత్ బజారులో (ఉర్దూలో జుమ్మేరాత్ అనగా గురువారము) పాత గడియారము కొనువాడు దానిని చెవి దగ్గర పెట్టుకొని, మూత తెరిపించి చూచును. ఇంటర్నెట్టులో ఆ వీలు లేదు. పైగా గడియారము తప్పితే బస్సు తప్పును. ఇది తప్పితే రక్తములో నత్రజని బుడగలు ఏర్పడి కీళ్ళనొప్పులు, ఒక్కొక్కప్పుడు పక్షవాతము కలుగును.

కొనుటకు ముందు బ్యాటరీ గది ఛాయాచిత్రము అడగవలెను. పచ్చని చిలుము కనిపించినచో ఉప్పునీరు చొరబడినట్లే. బ్యాటరీని మనమే మార్చుకొనగల నమూనా మేలు. నీటి బయట లోతు సున్నా చూపవలెను.

కొన్ని లోపములు కంటికి కనబడవు. 1990ల మధ్యలో తయారైన ఉవాటెక్ అల్లాడిన్ ఎయిర్ ఎక్స్ నైట్రాక్స్ పరికరములలో నత్రజని లెక్క తప్పుచున్నదని 2003లో అమెరికాలో వెనుకకు పిలిపించిరి. అందుచేత నమూనా పేరు, క్రమసంఖ్య తెలిసికొని విచారించనిదే సొమ్ము పంపరాదు. ఏడాదికొకసారి మునుగువారికి అద్దె పరికరమే చాలును. కొన్నచో పాత యజమాని పెట్టిన వాయుమిశ్రమపు అమరికను ముందు సరిచేసుకొనవలెను.